పరాయి మనిషిగా నిలబడే హమీదా బేగం

పేరు: హమీదా బేగం. భర్త పేరు: మహమ్మద్ జమీల్. వయస్సు: నలభై ఆరు సంవత్సరాలు. వృత్తి: చీరలకు ఫాల్, పీకో కుట్టుట. నేను ఆమెను ఎరిగిన కాలం: పదిహేడు సంవత్సరాల నాలుగు నెలలు.

శాంతివనం కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గ సభ్యులు రాబోయే ఆదివారం నాడు సమావేశమై, కాలనీ మైదానంలో జరిగే కుక్కల శిక్షణ తరగతికి ఈమె ఇకమీదట రావచ్చునా, రాకూడదా అన్న విషయాన్ని తేల్చనున్నారు. దానికి ముందు ఆమె ఎవరో, అక్కడ రెండేళ్లుగా ఏమి పని చేసినదో, ఎక్కడ పొరపాటు చేసినదో, ఆ పొరపాటు ఎవరి నోట బయటపడినదో సభ్యులందరికీ ఒకే తీరుగా తెలిసి ఉండుట న్యాయమని తలచి ఈ కాగితం సమర్పిస్తున్నాను. పదిహేడేళ్లుగా ఇంటి మనిషి వలె ఎరిగినందున ఆమెను ఏకవచనంలోనే వ్రాసినాను. అందులో అగౌరవం లేదని మనవి.

నేను బోధన్ తహసీలు కార్యాలయంలో నకలు గుమాస్తాగా ఉన్న రోజులలో వారు మా ఇంటి వెనుక గదిలో అద్దెకు ఉండేవారు. జమీల్ అప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో సీజను కార్మికుడు. ఫ్యాక్టరీ మూతపడిన తరువాత వారు నిజామాబాదు వచ్చి, మన కాలనీ వెనుక గల్లీలో ఇల్లు తీసుకున్నారు. జమీల్ పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. హమీదా కుట్టు మిషను పెట్టుకున్నది. ఉద్యోగ విరమణ పొంది నేను కూడా ఇదే కాలనీకి వచ్చినందున పాత పరిచయం కొనసాగినది.

హమీదాకు కుక్కలంటే భయము. ఈ మాట మొదట చెప్పకపోతే తరువాతది ఏదీ అర్థం కాదు. బోధన్‌లో చెరకు బండ్ల వెంట వచ్చిన కుక్క ఒకటి ఆమె పిక్క పట్టుకున్నది. ఆనాటి నుండి కుక్క మొరుగు వినబడితే చాలు, ఆమె కాళ్లు ఉన్నచోటనే బిగిసిపోయేవి. మన కాలనీలో నలభైకి పైగా ఇండ్లవారు ఆమెకు చీరలు ఇస్తారు. ప్రతి మూడవ ఇంట్లో కుక్క ఉన్నది. బురఖా వేసుకున్న మనిషిని ఆ కుక్కలు ఎన్నడూ దగ్గరగా చూసి ఎరుగవు. ఆమె వీధి మలుపు తిరిగినదంటే ఒకటి మొదలు పెట్టేది, మిగిలినవన్నీ అందుకునేవి.

రెండేళ్ల క్రిందట జూన్ నెలలో ఒక ఉదయం, చీరల సంచిని రొమ్ముకు అదుముకొని ఆమె ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అరగంట పాటు కదలకుండా నిలబడినది. ఎదుటి ఇంటి కుక్క గేటు లోపలనే ఉన్నది. అయినను ఆమె అడుగు ముందుకు పడలేదు. పోలీసు జాగిలాల విభాగంలో పని చేసి విరమించిన ఆత్మారాం గారు అటుగా వచ్చినారు. మైదానంలో ప్రతి ఆదివారం ఆరున్నర నుండి ఎనిమిది వరకు కుక్కల తరగతి నడిపేది వారే. ఆ సంభాషణను తరువాత ఇద్దరూ నాకు ఒకే విధంగా చెప్పినారు.

"ఏమమ్మా, ఎప్పటి సంది గాడనే నిలవడ్డవ్?"

"కుక్క పొయ్యేదాకా నిలవడ్డ అన్నా."

"అది యాడికి పోతది? దాని ఇల్లు గదేనాయె."

"అయితే నేనే మర్లిపోత."

"మర్లిపోతే రేపు మల్ల మొరుగుతది. ఒర్రి ఒర్రి నిన్ను ఎల్లగొట్టిన అనుకుంటది. ఇగో సూడు, నా కాడ పదకొండు కుక్కలున్నయి. ఇంట్ల మనుషుల్ని తప్ప ఇంకోల్లను సూడని కుక్కలు. వాటికి నేర్పాల్నంటే ఒక పరాయి మనిషి గావాలె. ఆదివారం వచ్చి ఊకె నిలవడు. గంతే పని."

"ఎంత దూరంల నిలవడాలె?"

"ఏడ నిలవడితే నీ గుండె నిమ్మళంగ ఉంటదో గాడ."

మొదటి ఆదివారం ఆమె మైదానం గేటు బయట నిలబడినది. కుక్కలకు, ఆమెకు మధ్య ఎనభై అడుగులు. ఆత్మారాం గారు నేల మీద సున్నంతో గీతలు గీసినారు. పద్ధతి ఇట్లుండును: కుక్క ఆమెను చూచి కూడా మొరగకుండా ఉంటే యజమాని దానికి ఒక తునక తినిపిస్తాడు. మొరిగితే ఆమె ఒక గీత వెనుకకు పోతుంది. వారం వారం ఒక గీత ముందుకు. కుక్క భయము, మనిషి భయము ఒకే కొలతతో తగ్గవలెనని వారి ఉద్దేశము. ఆమె ఎనభై అడుగుల నుండి ఎనిమిది అడుగులకు రావడానికి ఐదు నెలలు పట్టినది.

ఇంటి వద్ద జమీల్ దీనిని తమాషాగా తీసుకున్నాడు. ఒకనాడు నా సైకిలు ట్యూబు అతికిస్తూ అన్నాడు: "మా ఖాందాన్‌ల ఇన్నేండ్లకు సదువుకు పొయ్యేది మా బేగమే సాబ్. ఆదివారం ఆదివారం హాజరు. క్లాసుల పదకొండు మంది. అందరికి తోకలున్నయి." హమీదా లోపలి నుండి, "వాళ్లు చెప్పిన మాట ఇంటరు, నీ తీర్గ కాదు" అన్నది. ఆమె భర్తకు ఎదురు జవాబు చెప్పగా నేను వినుట అదే మొదటిసారి.

క్రమంగా ఆమె పని పెరిగినది. పరాయి మనుషులు ఒకే తీరుగా ఉండరు కనుక, ఒక వారం గొడుగు తెరిచి నడిచేది. ఒక వారం జమీల్ హెల్మెట్ పెట్టుకొని, ఒక వారం గోనె సంచి భుజాన వేసుకొని, ఒక వారం చేతికర్రతో కుంటుతూ వచ్చేది. సంఘం అధ్యక్షులు శివకుమార్ గారి కుక్క హెల్మెట్‌ను చూసి నేల మీద పొర్లిన నాడు, "సార్, తాడు జర వదులు చెయ్యుండ్రి. మీరు బిగవడ్తే అది బిగవడ్తది" అని ఆమె అందరి ముందూ చెప్పినది. వారు వదులు చేసినారు. కుక్క ఊరుకున్నది.

ఈ పని వలన ఆమెకు ఏమి లభించినది అని సభ్యులు అడగవచ్చును. నేను చూసినవి మాత్రమే వ్రాస్తాను. ఇప్పుడు ఆమె ఏ ఇంటికి పోయినను, కుక్కను పట్టుకోమని బయట నిలబడి పిలువదు. కుక్క చెవులు వెనుకకు పడినవా, తోక బిగిసినదా అని చూసి, పోవలెనా ఆగవలెనా తానే నిర్ణయించుకుంటుంది. వారి గల్లీ నుండి బడికి పోయే ఆడపిల్లలను నిలబెట్టి, వీధికుక్క వెంటపడితే పరుగెత్తకుండా చేతులు కట్టుకొని పక్కకు చూస్తూ నిలబడుట నేర్పినది. వారమంతా మిషను మీద వంగి ఉండుట వలన వచ్చిన మెడనొప్పి సగం తగ్గినదని ఆమెయే చెప్పినది. పదకొండు ఇండ్ల వారు ఆమెను పేరు పెట్టి పలకరిస్తారు. అంతకు ముందు "పీకో ఆమె వచ్చింది" అనేవారు.

ఇక పొరపాటు విషయం.

కుక్క నోటి తడి బట్టకు తగిలితే ఆ బట్ట, ఆ చోటు కడిగిన తరువాతనే నమాజు చేయవలెనని ఆమె ఇంటి నియమము. అందుచేత తరగతికి ఒక పాత బురఖా వేరుగా ఉంచుకున్నది. దానిని ఇంటి బయట మేకుకు తగిలించి, ప్రతి ఆదివారం వచ్చిన వెంటనే ఉతికేది. ఆత్మారాం గారు యజమానులందరికీ ఈ సంగతి చెప్పినారు. ఏ కుక్కా ఆమెను నాకకుండా చూసుకుంటామని వారు ఒప్పుకున్నారు, చూసుకున్నారు కూడా. అయినను ఎనిమిది అడుగుల గీత దాటిన తరువాత ఆమెకు ధైర్యము చాలలేదు. ఏదైనా కుక్క మూతి చాచితే ఎట్లని, బురఖా జేబులో గుప్పెడు పుట్నాలు ఉంచుకున్నది. కుక్క దగ్గరకు రాబోతే రెండు గింజలు దూరంగా నేల మీద వేసేది. కుక్క తల దించి అటు పోయేది. ఆమె బట్ట శుభ్రంగా మిగిలేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచవలెనని కాదు. నియమం విషయంలో అందరినీ ఇంకా ఇబ్బంది పెట్టుట ఎందుకని ఊరుకున్నది.

దసరా తరువాతి ఆదివారం పరీక్ష జరిగినది. స్నేహలత గారి జర్మన్ షెపర్డ్ కుక్క, పేరు బాద్షా, మొదటి స్థానంలో నిలిచినది. హమీదా గొడుగుతో, సంచితో, కర్రతో దాని ముందు నుండి మూడు మార్లు నడిచినది. బాద్షా కూర్చున్న చోటు నుండి లేవలేదు. "అపరిచితులు సమీపించినను నిమ్మళంగా ఉండును" అని ధ్రువపత్రము ఇచ్చినారు. ఆ వాక్యము వ్రాసినది నా చేయి. తరగతి ధ్రువపత్రాలన్నీ నేనే వ్రాసి ఇస్తున్నాను.

తులసి పెండ్లికి ముందటి బుధవారం నాడు, చందూర్ దగ్గరి పల్లె నుండి తారాబాయి అనే ఆమె చెరకు గడల మోపుతో మన కాలనీకి వచ్చినది. తులసి కోట చుట్టూ చెరకు నిలబెట్టే మరాఠీ ఇండ్లు ఇక్కడ చాలా ఉన్నందున ఏటా వస్తుంది. స్నేహలత గారి గేటు గడియ పెట్టి లేదు. ధ్రువపత్రము వచ్చినది గదా అని వారు ఆ వారం నుండి బాద్షాను విప్పి ఉంచుతున్నారు. తారాబాయి లోపలికి పోయినది. కుక్క ఎదురు వచ్చినది. ఆమె భయపడి గడతో అదిలించినది. కుక్క ఆమె ముంజేయి పట్టుకున్నది. నాలుగు పండ్లు దిగినవి.

ప్రభుత్వ ఆసుపత్రిలో గాయము కడిగి సూది మందు మొదలు పెట్టినారు. బాద్షాకు టీకాలు వేయించిన కాగితాలు ఉన్నవి. అయినను పది దినాలు కుక్కను కట్టివేసి గమనించవలెనని వైద్యులు చెప్పినారు. అధ్యక్షులు శివకుమార్ గారు, పది దినాలు గడిచిన మరునాడు సమావేశము పెట్టి, కుక్కను నవీపేట్ దగ్గర తెలిసినవారి తోటకు పంపివేయుట గురించి తీర్మానము చేద్దామని చెప్పినారు. స్నేహలత గారు ఎదురు చెప్పలేదు. ఆమె ఒంటరిగా ఉండే బ్యాంకు ఉద్యోగిని. ఆ ఇంటిలో ఆమెకు తోడు ఆ కుక్క ఒక్కటే.

హమీదా రెండవ నాడు చీర ఇవ్వడానికి పోయినది. బాద్షా వెనుక వరండాలో గొలుసుతో ఉన్నది. స్నేహలత గారు ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నారు.

"హమీదక్కా, అది ఒర్రలే. మీదికి కూడా ఉరకలే. నిమ్మళంగ పోయి ఆమె ముందట కూసున్నది. చేతి దిక్కు సూసుకుంట కూసున్నది. ఆమె నడుముకు సంచి ఉండె, దాంట్ల మూతి వెట్టింది. గప్పుడు ఆమె గడతోని కొట్టింది. ఎందుకు గట్ల పోయి కూసున్నదో నాకు సమజైతలేదు."

హమీదాకు సమజైనది. చీర గట్టు మీద పెట్టి, ఏమీ చెప్పకుండా ఇంటికి వచ్చినది.

ఆ తరువాతి దినాలలో ఆమె పని సాగలేదు. రెండు చీరలకు ఫాల్ తలక్రిందులుగా కుట్టి విప్పినది. మిషను సూది వేలిలో దిగినది. ప్రతి ఉదయం స్నేహలత గారి పిట్టగోడ దగ్గరకు పోయి, కుక్క నీళ్లు త్రాగినదా, అన్నం తిన్నదా అని అడిగేది. మూడవ నాడు బాద్షా గిన్నె ముట్టలేదు. ఆ మధ్యాహ్నము హమీదా నాలుగు మార్లు పోయి చూసినది. కట్టివేసినందుకు అలిగినదని, సాయంత్రం తిన్నదని తెలిసిన తరువాత కూడా ఆమె ఇంకొక మారు పోయి గిన్నె చూసి వచ్చినది. తారాబాయికి జ్వరము వచ్చినదని ఎవరో అన్నారు. అది సూది వలన వచ్చిన ఒంటి వేడి అని తెలియడానికి ఒక దినము పట్టినది. ఆ దినమంతా ఆమె పొయ్యి వెలిగించలేదు.

ఆదివారం తరగతి పెట్టలేదు. సరిగ్గా ఆరున్నరకు ఆమె మా ఇంటికి వచ్చినది.

"సార్, ఒక కాగితం రాయాలె. కుక్క గలతీ లేదు అని. పేరు లేకుండ రాయొచ్చునా?"

"సంతకము లేని కాగితాన్ని ఏ కార్యాలయములోనూ చదువరమ్మా. ఎవరు వ్రాసినారో తెలియని మాటను నమ్మేవారు ఉండరు."

ఆమె టీ ముట్టకుండా లేచిపోయినది. పుట్నాల సంగతి అప్పటికి నాకు చెప్పలేదు. మంగళవారం మళ్లీ వచ్చి, అంతా చెప్పినది.

"ఇప్పుడు పేరు రాస్తే నన్ను మల్ల గ్రౌండ్‌ల రానిస్తరా సార్?"

"కార్యవర్గము ఏమి తేల్చునో నేను చెప్పలేనమ్మా" అన్నాను. రానిస్తారని చెప్పుట అబద్ధమయ్యేది.

"గా గంటన్నర నాకున్నది సార్. వారమంత మిషిన్ మీద వంగి ఉంట. గాడ నిలవడ్డప్పుడు నన్ను సూసి ఎవరు బుగులువడరు. నేను ఎవర్ని సూసి బుగులువడ. చెప్తె గది పోతది. చెప్పకపోతె గా పోరి కుక్క పోతది. రెండు దిక్కుల నుంచి గుంజుతున్నట్టున్నది."

జమీల్ అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతడు ఆ దినము తమాషా చేయలేదు. "చెప్పకు. నిన్ను ఎవరన్న అడిగిండ్రా? అందరు కుక్కదే తప్పు అంటుండ్రు. కుక్క పోతే ఇంకో కుక్కను తెచ్చుకుంటరు. నీకు మల్ల గసుంటి జాగ యాడ దొర్కుతది?" అన్నాడు. హమీదా అతని వైపు చూసి, "గందుకే నీకు నిద్ర వడుతున్నది, నాకు వడ్తలేదు" అన్నది.

బుధవారం నాడు ఆమె ఆత్మారాం గారి ఇంటికి పోయినది. ఆమె కోరినందున నేను వెంట ఉన్నాను. చెప్పినదంతా విని వారు చెప్పులు వేసుకొని మమ్ములను స్నేహలత గారి ఇంటి వరండాకు తీసుకొని పోయినారు. గొలుసు అందని దూరంలో హమీదాను నిలబెట్టినారు. జేబు ఖాళీ. బాద్షా ఆమెను చూచి లేచి వచ్చి, గొలుసు సాగినంత మేర ముందుకు జరిగి, కూర్చొని, ఆమె కుడిచేతి వైపు చూసినది. చూస్తూనే ఉన్నది. ఆత్మారాం గారు ముఖము పక్కకు త్రిప్పుకున్నారు.

"రెండేండ్ల సంది దీనికి నేను నేర్పుతున్న అనుకున్న. పరాయి మనిషి కాడికి పోయి కూసుంటే గింజలు దొర్కుతయని నేర్పింది నువ్వా?"

"గలతీ నాదే అన్నా. తీసుకపోయి కమిటీల చెప్త."

"నీది సగమే. పరీక్షకు కొత్త మనిషిని తెచ్చుకోవాలె. డ్యూటీల ఉన్నప్పుడు మూడు నెలలకోసారి మనిషిని మార్చేటోల్లం. ఈడ నువ్వు ఎట్లాగు వస్తున్నవు గదా అని నిన్నే గీత మీద నిలవెట్టిన. రెండేండ్లు ఒక్క ఆదివారం తప్పకుండ వచ్చిన మనిషి పరాయిది ఎట్లయితది? గా మాట నా తెలివికి రాకపాయె."

స్నేహలత గారు ఇదంతా గడప దగ్గర నిలబడి విన్నారు. హమీదా చేతులు జోడించబోతే, "రేపు ఆఫీసుల సెలవు అడుగుత, ఎల్లుండి తారాబాయి దగ్గరికి పోదాం అక్కా" అన్నారు. కోపము లేదని అనలేను. ఆ దినము ఆమె హమీదాకు మంచినీళ్లు ఇవ్వలేదు. కాని సెలవు పెట్టినారు.

శుక్రవారం నాడు వారిద్దరూ బోధన్ బస్సు ఎక్కి, అక్కడి నుండి ఆటోలో ఆ పల్లెకు పోయినారు. తారాబాయి ముంజేతి కట్టుతో అరుగు మీద కూర్చొని ఉల్లిగడ్డల పొట్టు తీస్తున్నది. హమీదా చెప్పినదంతా విన్న తరువాత మరాఠీ పలుకు కలిపి అన్నది:

"అగ బాయి, గింత దూరం నువ్వెందుకొచ్చినవ్? కర్సింది నువ్వు గాదు గదా."

"నేర్పింది నేను."

"పుట్నాలు దినే కుక్క చెరుకు అమ్మెదాన్ని కర్సుడేంది మరి? నా నడుముల పొగాకు సంచి దప్ప ఏం లేకుండె." అని తానే నవ్వినది. తరువాత నవ్వు ఆపి, "కోపం లేదు. కని గల్లీకి మాత్రం రాను. గది నన్ను సూసి ఏం అడుక్కోకుండ ఊకె కూసున్ననాడు కబురు చెయ్యి. గప్పుడు సూద్దాం" అన్నది. వచ్చేటప్పుడు చెరో రెండు గడలు ఇవ్వబోతే హమీదా తీసుకోలేకపోయినది. స్నేహలత గారు తీసుకున్నారు.

పదవ దినము శనివారం బాద్షా ఆరోగ్యంగా ఉన్నట్లు పశువైద్యులు వ్రాసి ఇచ్చినారు. ఆదివారం సమావేశంలో కుక్కను పంపివేసే తీర్మానము చదువుతుండగా హమీదా వెనుక వరుస నుండి లేచి నిలబడినది. అధ్యక్షులు, "ఏమన్న చెప్పాల్నా హమీదా?" అని అడిగినారు. పుట్నాల సంగతి, పరీక్ష సంగతి, కుక్క చేతివైపు చూచిన సంగతి ఏదీ వదలకుండా చెప్పినది. ఆత్మారాం గారి పేరు ఎత్తలేదు. వారే లేచి తమ వంతు చెప్పినారు.

"అంటే మా పదకొండు కుక్కలకు అడుక్కునుడు నేర్పినవన్న మాట" అని ఒకరు అన్నారు. కొందరు నవ్వినారు. ఇంకొకరు, "మాకు తెల్వకుండ మా కుక్కలకు ఏం వెడుతున్నదో ఎట్ల నమ్మాలె? ఇగ రావద్దు అనుండ్రి" అన్నారు. కుక్కను పంపే తీర్మానము ఆగినది. హమీదా విషయము వచ్చే ఆదివారానికి వాయిదా పడినది.

ఆ దినము నుండి ఆమె మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ, ఎవరైనా ఏమైనా అన్నారా అని మాత్రమే అడుగుతున్నది. గేటు చప్పుడైతే మిషను ఆపి వింటున్నదని జమీల్ చెప్పినాడు. తరగతికి వేసుకునే బురఖా ఉతికి, జేబు విప్పి కుట్టి మూసివేసినది. ఎవరూ అడగలేదు. ఏ ఇంటి వారు చీర ఇవ్వడం మానినారో లెక్క చెప్పలేదు గాని, మానినవారు ఉన్నారు.

సభ్యులకు నా వైపు నుండి తెలుపవలసినది ఒకటి ఉన్నది. బాద్షాకు ఇచ్చిన ధ్రువపత్రాన్ని స్నేహలత గారి వద్ద నుండి తిరిగి తీసుకొని, దానిపై అడ్డగీత గీసి, కారణము వ్రాసి, తేదీ వేసి, ఆత్మారాం గారితో సంతకము చేయించి దాఖలులో ఉంచినాను. అదే పరీక్షలో నెగ్గిన మరి నాలుగు కుక్కల పత్రాలు కూడా ఈ వారం తిరిగి అడగవలసి ఉన్నది. వాటి యజమానులు అంతవరకు గేట్లు గడియ వేసి ఉంచవలెనని ఇంటింటికీ వెళ్లి చెప్పినది హమీదాయే. రెండు ఇండ్లలో ఆమె మాట విన్నారు. రెండు ఇండ్లలో తలుపు తీయలేదు. ఆ రెండు ఇండ్లకు నేను వ్రాతమూలకంగా తెలియజేసినాను.

ఆమె చేసిన పొరపాటు వలన ఒక శ్రమజీవి చేతికి గాయమైనది. దానిని చిన్నదిగా చూపుటకు ఈ కాగితం వ్రాయలేదు. అయితే ఆ పొరపాటు ఆమె నోటి నుండి తప్ప మరెక్కడి నుండి బయటపడే వీలు లేకుండెను. ఆమె మౌనంగా ఉంటే ఈ పాటికి కుక్క నవీపేట్‌లో ఉండేది, తరగతి ఎప్పటివలె జరిగేది, మిగిలిన పది కుక్కలు అదే అలవాటుతో మన గేట్ల వెనుక ఉండేవి. రేపు మరొకరికి ఇదే జరిగినప్పుడు కూడా మనకు కారణము తెలిసేది కాదు.

ఆత్మారాం గారు ఇకమీదట పరాయి మనిషిగా నిలబడే పనికి మూడు నెలలకు ఒకసారి కొత్తవారిని పిలుస్తామని, పరీక్షనాడు కుక్కలు ఎన్నడూ చూడని వ్యక్తిని తెస్తామని వ్రాసి ఇచ్చినారు. ఆ కొత్తవారికి ఎక్కడ నిలబడవలెనో, ఎప్పుడు వెనుకకు తగ్గవలెనో, భయమైనప్పుడు ఎవరికి చెప్పవలెనో చూపించుటకు ఒక మనిషి కావలెను. ఎనభై అడుగుల నుండి నడిచి వచ్చిన మనిషి మన కాలనీలో ఆమె ఒక్కతియే ఉన్నది.

కావున, కార్యవర్గ సభ్యులు పై విషయాలను సావధానంగా పరిశీలించి, హమీదా బేగం పరాయి మనిషి స్థానము నుండి తప్పుకొని, ఆత్మారాం గారికి సహాయకురాలిగా ప్రతి ఆదివారం ఉదయం ఆరున్నర నుండి ఎనిమిది గంటల వరకు మైదానంలో ఉండుటకు అనుమతించవలెనని, ఆమె వద్ద తినుబండారము ఏదీ ఉండరాదన్న షరతును అవసరమైతే తీర్మానంలోనే చేర్చవలెనని ఆమె తరఫున కోరుతున్నాను. నిర్ణయము అనుకూలమైనను, ప్రతికూలమైనను, దానిని నోటి మాటగా గాక కాగితము మీద, సమావేశము తరువాతి ఆదివారం తరగతి మొదలగుటకు ముందే ఆమె ఇంటికి పంపగలరని, గేటు వరకు వచ్చి అందరి ఎదుట వెనుదిరిగే స్థితి ఆమెకు రానీయరాదని సభ్యులకు నా మనవి.